ఇన్సులిన్ మానిపించే వైద్యం వైద్యం కాదు

నేడు చక్కెర వ్యాధి లేని ఇల్లు వెదికినా దొరకడం కష్టం. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడినవి. వాటి ప్రకారం మన దేశంలో మధుమేహ రోగుల సంఖ్య 10 కోట్లకు పైబడినది. మేముండే సీతాఫల్‌మండిలో ఉదయపు నడకకు బయలుదేరిన పెద్దల సంభాషణ వింటే చాలు: మెంతులు ఎన్ని నానవేయాలి, కాకరరసం ఎంత త్రాగాలి, నేరేడు గింజల పొడి ఎక్కడ మంచిది దొరుకుతుంది అన్నవే మాటలు. ఈ ఆసక్తి సంతోషింపదగినదే. కాని ఆ మాటల నడుమ తరచుగా వినవచ్చే మరొక సలహా నన్ను భయపెడుతుంది. "సూది మాత్రం మొదలుపెట్టకండి, ఒకసారి పట్టుకుంటే ఇక వదలదు" అన్నదే ఆ సలహా.

మా బావగారు రైల్వేలో ఉద్యోగ విరమణ చేసి ఇక్కడే స్థిరపడినారు. మాత్రలతో చక్కెర అదుపునకు రాకపోగా, వైద్యులు రాత్రి పడుకునే ముందు 16 యూనిట్ల దీర్ఘకాలిక ఇన్సులిన్ కూడా వ్రాసినారు. ఆయన సూది వేసుకుంటూనే, ఎవరికీ చెప్పకుండా ఉదయం కాకరరసం, సాయంత్రం పొడపత్రి చూర్ణం ఆరంభించినారు. ఒక కార్తీక సోమవారం ఉపవాసముండి, రాత్రి రెండు పండ్లతో సరిపెట్టి, మాత్ర, సూది మాత్రం మామూలు మోతాదులోనే తీసుకున్నారు. తెల్లవారుజామున అక్కయ్య లేచి చూసేసరికి ఒళ్ళంతా చెమటలు, మాట తడబాటు. మింగే స్పృహ ఇంకా ఉన్నందున చక్కెర నీళ్ళు పట్టించి గండం గట్టెక్కించినది. ఆ భయంతో బావగారు సూదిని పూర్తిగా మానివేసి చూర్ణాన్నే నమ్ముకున్నారు. నెల తిరగక మునుపే చక్కెర 400 దాటినది. కాలివ్రేలి పుండు మానక ఆసుపత్రిలో చేరవలసి వచ్చినది.

తప్పు సూదిది కాదు, చూర్ణానిదీ కాదు. ఒకదాని సంగతి మరొక వైద్యునికి తెలియనీయకపోవడమే మొదటి తప్పు. ఒకదానికి బదులుగా మరొకటి చాలునని తలచడం రెండవ తప్పు.

మన శాస్త్రాలు ఈ వ్యాధిని తేలికగా చూడలేదు. ఇరువది విధాల ప్రమేహాలను చెప్పిన చరకుడు, వాతజ ప్రమేహాలను అసాధ్యాల కోవలో చేర్చినాడు. మధుమేహం వాటిలోనిదే. సుశ్రుతుడు ప్రమేహాన్ని పుట్టుకతో వచ్చినదనీ, అపథ్యం వలన వచ్చినదనీ రెండుగా విభజించినాడు. కృశించిన రోగికి ఒక చికిత్స, స్థూలకాయునికి మరొక చికిత్స అని చరకసంహిత విధించినది. రోగులందరికీ ఒకే చూర్ణం చాలునని ఏ ఆచార్యుడూ చెప్పలేదు. "నలుబది దినాలలో మధుమేహం మాయం" అనే ప్రకటన ఆధునిక వైద్యానికే కాదు, ఆయుర్వేదానికీ విరుద్ధమే. అటువంటి ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించినది. ఆ చట్టపు అనుబంధంలోని వ్యాధుల జాబితాలో మధుమేహం పేరు ఉన్నది.

మరి వంటింటి వైద్యానికి విలువ లేదా? తప్పక ఉన్నది. మాకు సమీపంలోనే, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1990లో ఒక పరిశోధన ప్రకటించినారు. ఇన్సులిన్‌పై ఆధారపడిన రోగుల ఆహారంలో కొవ్వు తీసిన మెంతిపొడిని చేర్చగా, పరగడుపు చక్కెర తగ్గినది. ఇందులో మనకు రెండు పాఠాలున్నవి. మెంతులు పనిచేసినవి ఇన్సులిన్‌కు తోడుగా, దానికి బదులుగా కాదు. నిజంగా పనిచేసే వస్తువు గనుకనే, ఇన్సులిన్‌తో కలిసినప్పుడు చక్కెర మరీ పడిపోకుండా కనిపెట్టి ఉండాలి.

ఇన్సులిన్ విషం కాదు. మన క్లోమగ్రంథి పుట్టుక నుండి స్రవించే రసమే. 1921లో టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ దీనిని వేరుచేసినారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏండ్ల బాలునికి మొదటిసారి ఇచ్చినారు. అంతకు ముందు ఈ వ్యాధి సోకిన పిల్లలు కృశించి మరణించడమే తప్ప మార్గం లేదు. తొలినాటి ఇన్సులిన్ కొద్ది గంటలే పనిచేసేది. 1936లో డెన్మార్కు వైద్యుడు హాగెడోర్న్ ప్రోటమిన్ కలిపి దాని కాలాన్ని పొడిగించినాడు. 2000లో అనుమతి పొందిన గ్లార్జిన్ చర్మం క్రింద సూక్ష్మమైన రేణువులుగా పేరుకొని, నెమ్మదిగా కరుగుతూ దాదాపు ఒక దినమంతా పనిచేస్తుంది. దీని పని పునాది వేయడమే. ఈ పూట అరిసెలు తిన్నాము గదా అని నాలుగు యూనిట్లు పెంచడం ప్రమాదకరం. పరగడుపు పరీక్షలను చూచి మోతాదును మార్చవలసినది వైద్యులే.

సూది వాడే ఇంటివారు ఈ జాగ్రత్తలు మరువరాదు.

మన దేశంలో ఇన్సులిన్ సాధారణంగా 40 యూనిట్లు, 100 యూనిట్లు అని రెండు బలాలలో దొరుకుతుంది. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండవదానికి నారింజ రంగు మూత సిరంజి. 100 బలం మందును ఎర్ర మూత సిరంజితో 16వ గీత వరకు తీస్తే, లోనికి వెళ్ళేది 16 కాదు, 40 యూనిట్లు!

గ్లార్జిన్ నీటివలె తేటగా ఉండాలి. మసకబారితే పారవేయండి. మరే ఇతర ఇన్సులిన్‌తోనూ ఒకే సిరంజిలో కలపరాదు.

తెరవని మందును 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. మంచుగడ్డ కట్టినది పనికిరాదు. వాడుకలోని గ్లార్జిన్‌ను 30 డిగ్రీలు మించని చోట 28 దినాలు ఉంచవచ్చు. వేసవిలో కరెంటు పోయినప్పుడు, నీళ్ళ మట్టికుండలో తడి తగలకుండా డబ్బాలో పెట్టి ఉంచడం మంచి ఉపాయం.

ప్రతిదినం ఒకే వేళకు వేసుకోవాలి. పొట్ట మీద గాని తొడ మీద గాని చోటు మారుస్తూ ఉండాలి. ఒకే చోట పొడిస్తే గడ్డకట్టి మందు సరిగా ఒంటబట్టదు.

చెమట, వణుకు, గుండె దడ, తికమక కనిపిస్తే చక్కెర 70 కంటె తగ్గినదేమో పరీక్షించాలి. పరీక్ష వీలుకాకున్నా ఆలస్యం చేయక మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగించి, 15 నిమిషాల తరువాత మరల చూడాలి. స్పృహ తప్పిన వారి నోట ఏమీ పోయరాదు, వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

ఉపవాసం, జ్వరం, వాంతులు, క్రొత్త చూర్ణం, వీటిలో ఏదైనా ముందుగా వైద్యునికి చెప్పవలెను. పిన్న వయసులో వ్యాధి వచ్చి ఇన్సులిన్‌పైనే ఆధారపడినవారు జ్వరంలో కూడా సొంతంగా సూది మానరాదు.

బావగారి పుండు మానినది. ఇప్పుడు మేనల్లుడు గోడ మీద కట్టిన పట్టికలో సూది యూనిట్లు, పరగడుపు చక్కెర, ఆ దినం తీసుకున్న కాకరరసం, మెంతులు అన్నీ ఒకే వరుసలో వ్రాసి ఉంటవి. వైద్యులు దానిని చూచి మోతాదు నిర్ణయిస్తున్నారు. చూర్ణం వేళలు కూడా వారికి తెలుసు. దసరా తరువాత మా బస్తీకి సీతాఫలాలు వచ్చినప్పుడు, ఆయన అన్నం కొంత తగ్గించుకొని, ఒక చిన్న పండు తిని దానిని కూడా పట్టికలో వ్రాసినారు.

మన ఇంటి వైద్యాన్ని గౌరవించేవారు దానికి చేయదగిన మేలు ఒక్కటే: చేయలేని పనిని దానిపై మోపకుండుట. పథ్యం, నడక, మెంతులు, సూదిమందు ఒకే ఇంటి మనుషులు. వారిలో ఏ ఒక్కరినీ వెళ్ళగొట్టవలదు, ఏ ఒక్కరి సంగతీ దాచవలదు.