విధేయత ఎవరికి పాఠం?

గుంటూరు జిల్లా చేబ్రోలు దాపున కొత్తరెడ్డిపాలెంలో 1990 దశకపు తొలినాళ్ళనుంచి ఒక చిన్న యూదు ప్రార్థనామందిరం ఉన్నది. బెనె ఎఫ్రాయిం అని తమను చెప్పుకునే ఆ కుటుంబాలవారు పుట్టుకకు మాదిగలు; వారి పూర్వులు బాప్టిస్టు మతం పుచ్చుకున్నవారు. ఊరు కేటాయించిన చోటుతోగాని, మిషను ఇచ్చిన పేరుతోగాని తృప్తిపడక ఇంతదూరం వచ్చిన ఈ మనుషులకు సైతం తోరా పేరిట బోధింపదగిన నీతి విధేయతేనట! ఎవరి వ్యాఖ్యానం చూడండి, విశ్వసించు, తలవంచు అనే చోటికే వచ్చి ఆగుతుంది.

దానికి దృష్టాంతం కొడుకుపై కత్తి ఎత్తిన అబ్రాహాము. మనకిది కొత్తగాదు. సిరియాళుని కోసి వండిపెట్టిన చిరుతొండనంబిని శ్రీనాథుడు హరవిలాసంలో మహాభక్తుడిగా నిలిపాడు. రెండు కథలలోనూ చివరకు బిడ్డ దక్కుతాడు గనుక శ్రోత కన్ను తుడుచుకొని నిశ్చింతగా ఇంటికి పోతాడు.

కాని యూదులు తోరాను వారానికొక భాగం చొప్పున చదువుతారు. ఇస్సాకు బలి వచ్చే వారమే, అదే భాగంలో, సొదొమ పట్టణం కథ కూడా వస్తుంది. అక్కడ ఈ అబ్రాహామే దేవుణ్ణి నిలదీస్తాడు; దుష్టులతోబాటు మంచివారినీ చంపడం న్యాయమా అంటాడు; యాభైమంది మంచివారుంటే విడిచిపెట్టమని మొదలుపెట్టి బేరమాడి పదిమందికి దింపుతాడు. ముక్కూ మొగమూ ఎరుగని ఊరికోసం అంత వాదించినవాడు కన్నకొడుకు దగ్గర నోరెత్తలేదేమి? చర్చించవలసిన ప్రశ్న ఇది. మన బోధకులు మొదటి అబ్రాహామును దాటవేసి రెండవవాణ్ణే పటం కట్టిస్తారు.

సెలోపెహాదు కూతుళ్ళ సంగతి మరీ విచిత్రం. కొడుకులు లేకుండా తండ్రి చనిపోతే, అయిదుగురు ఆడపిల్లలు మోషే ఎదుట, పెద్దలందరి ఎదుట నిలబడి భూమిలో వాటా అడిగారు. వారి మాటే న్యాయమని సాక్షాత్తూ దేవుడే తీర్పు చెప్పాడు! తరువాత తెగపెద్దలు వచ్చి, భూమి తెగ దాటకుండా ఈ పిల్లలు తమవారినే పెళ్ళాడాలని షరతు పెట్టించారనుకోండి. ఆ పిల్లలు పినతండ్రుల కొడుకులను చేసుకున్నారు. మనకు వరస కుదరదుగాని, మేనరికాల మర్మం తెలిసిన వారికి ఆ పెద్దల బుద్ధి అర్థంకాకపోదు.

మా కోనసీమలో మామిడికుదురు మొదలు ఏ ఊరైనా సరే, ఈ అయిదుగురి కథ వినిపించవలసిన చోటే. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కునిచ్చిన ఆంధ్రప్రదేశ్ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళను మాత్రం విడిచిపెట్టింది. 2005లో కేంద్రం ఆ అడ్డును తీసివేసింది. తండ్రి అప్పటికి బతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా ఏమయింది? పసుపు కుంకుమలు పెట్టాంగదా అని ఒకరు, అన్నకు అడ్డు చెప్పే ఆడపిల్ల పుట్టింటికి అచ్చిరాదని ఒకరు! సంక్రాంతికి ఒక చీర, దింపులనాడు బస్తాడు కాయలు. వీటితో సరిపెట్టుకొని కొబ్బరితోటమీద హక్కు విడుదల దస్తావేజుపై సంతకం పెట్టేదాన్నే ఇంకా మంచి కూతురంటున్నారు. రిజిస్ట్రారు కచేరీ వరండాలో అన్న వేలు పెట్టి చూపించిన చోట ఆమె సంతకం చేస్తుంది. కాగితంలో ఏమున్నదో చదివి వినిపించమని అడగదు.