అడుగుల లెక్క, మనసుకు తెరిపి

కాఫీలు, టిఫిన్లు, క్యారియర్లు అన్నీ అయ్యి, పిల్లలూ శ్రీవారూ గుమ్మం దాటాక ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది చూడండి. అప్పుడు మీకెలా ఉంటుంది? కొందరికి 'హమ్మయ్య' అనిపిస్తుంది. ఇంకొందరికి ఏ కారణమూ లేకుండానే గుండెల మీద బండ పెట్టినట్టుంటుంది. పని మీద ధ్యాస నిలవదు. చిన్న మాటకే కళ్ళనీళ్ళు తిరుగుతాయి. రాత్రి పక్కమీద దొర్లడమే గానీ నిద్ర పట్టదు. ఎవరితోనైనా అంటే "నీకేం తక్కువయిందమ్మా?" అంటారు. దాంతో చెప్పడమే మానేస్తాం.

ఆ బరువుని కొంతైనా దించుకోవడానికి మీ చేతిలోని సెల్‌ఫోన్ పనికొస్తుందంటే నమ్ముతారా? "ఉన్న మనశ్శాంతి పోయేదే దానివల్ల గదా!" అంటారేమో. గంటలకొద్దీ ఎవరెవరి వీడియోలో చూస్తూ కూర్చుంటే అంతే మరి. నేను చెప్పేది అందులోని వ్యాయామం యాప్‌ల సంగతి.

నడక, యోగా ఒంటికే కాదు, మనసుకీ మందే. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 218 పరిశోధనల ఫలితాలను కలిపి చూసిన వ్యాసం ఒకటి వచ్చింది. నడక, జాగింగ్, యోగా, బరువులెత్తే వ్యాయామం డిప్రెషన్‌ని తగ్గించడంలో బాగా పనిచేస్తున్నాయని అందులో తేలింది. 2022లో వచ్చిన మరో పరిశీలన మనకింకా ఊరటనిస్తుంది. వారానికి రెండున్నర గంటలు చురుగ్గా నడవాలన్నది డాక్టర్ల లెక్క. అందులో సగం, అంటే వారానికి గంటంబావు నడిచినంత శ్రమ చేసేవాళ్ళలో కూడా, అసలు కదలనివాళ్ళతో పోలిస్తే డిప్రెషన్ వచ్చే అవకాశం 18 శాతం తక్కువగా కనిపించింది. రోజుకి చూసుకుంటే పదకొండు నిమిషాలు. పప్పు ఉడికేపాటి సమయం!

"పొద్దుట్నించీ ఇంట్లో తిరుగుతూనే ఉన్నాం, అది వ్యాయామం కాదా?" అని అడగొచ్చు మీరు. ఒంటికి అదీ లెక్కే, కాదనను. కానీ ఇంటిపని చేస్తున్నంతసేపూ ఒక చెవి కుక్కర్ విజిల్ మీద, ఇంకో చెవి కాలింగ్ బెల్ మీద ఉంటాయి. కాళ్ళు తిరుగుతాయి గానీ మనసుకి విశ్రాంతి లేదు. ఎవరూ పిలవని చోట, చేతిలో పని లేకుండా నడిచే పది నిమిషాలు వేరు.

మరి యాప్ ఎందుకు? నడవడానికి కాళ్ళు చాలవా? చాలు. కానీ పాల లెక్క క్యాలెండర్ మీద ఎందుకు రాస్తాం? రాయకపోతే నెలాఖరుకి గుర్తుండదని. ఇదీ అంతే. పైగా దిగులుగా ఉన్నప్పుడు 'నేనేం చేశాను గనక, నావల్ల ఏమవుతుంది' అని మనసు మనతోనే అబద్ధమాడుతుంది. 'ఇవాళ 3,200 అడుగులు' అని ఫోన్‌లో కనిపిస్తే ఆ అబద్ధం సాగదు.

అడుగులు లెక్కపెట్టే యాప్ చాలా ఫోన్లలో ముందే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2021లో 'ఫిట్ ఇండియా' యాప్‌ని ఉచితంగా విడుదల చేసింది. ఆయుష్ శాఖ వారి 'వై-బ్రేక్' కూడా ఆ ఏడాదే వచ్చింది. ఆఫీసు వాళ్ళ కోసమని తెచ్చిన అయిదు నిమిషాల యోగా అది. వంటకీ వంటకీ మధ్య మనకీ పనికొస్తుంది. ఒక్క మాట. కదలికను పసిగట్టే చిన్న పరికరం ఫోన్ లోపల ఉంటుంది. కాబట్టి ఫోన్ ఒంటిమీద ఉంటేనే అడుగులు లెక్కకొస్తాయి. వంటింటి గట్టు మీద పెట్టి తిరిగితే ఒక్క అడుగూ పడదు. చీరకి జేబుండదు గనక నడుముకి చిన్న సంచీ కట్టుకోండి.

ఇలా మొదలుపెట్టండి. మొదటి వారం ఏమీ మార్చొద్దు. రోజుకెన్ని అడుగులు పడుతున్నాయో చూసుకోండి. రెండో వారం నుంచి దానికి వెయ్యి కలపండి. కాస్త చురుగ్గా నడిస్తే వెయ్యి అడుగులు పది నిమిషాల పని. క్యాలెండర్‌లో తేదీ పక్కన అడుగుల సంఖ్యా, ఆ రోజు మీ మనసెలా ఉందో అయిదుకి ఇన్ని మార్కులనీ వేసుకోండి. నిద్ర పట్టిందో లేదో కూడా రాయండి. నెల తిరిగేసరికి మీకు ఏది పనిచేస్తోందో మీకే అర్థమవుతుంది.

పదివేల అడుగులు పూర్తి కాలేదని బెంగపడకండి. ఆ అంకె వైద్యులు పెట్టింది కాదు. 1965లో ఒక జపాన్ కంపెనీ అడుగుల లెక్క మిషన్ అమ్ముకోవడానికి దానికి 'పదివేల అడుగుల మీటరు' అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. అమెరికాలో వయసు పైబడిన స్త్రీల మీద చేసి 2019లో ప్రచురించిన పరిశీలనలో, రోజుకి 4,400 అడుగులు వేసేవాళ్ళకే మేలు కనిపించింది. 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదు. పండగ రోజో, జ్వరం వచ్చిన రోజో తప్పిపోతే యాప్ దెప్పుతుంది. దెప్పనివ్వండి, మళ్ళీ మర్నాడు నడవండి. దాన్ని ఇంకో ఆడపడుచుని చేసుకోకండి.

కొన్ని జాగ్రత్తలు. 'వారం ఉచితం' అని చెప్పి కార్డు నంబరడిగే యాప్‌ల జోలికి పోవద్దు. మీరు ఏ దారిన, ఎన్నింటికి నడుస్తున్నారో ఊరందరికీ కనిపించకుండా సెట్టింగులు మార్చుకోండి. 2018లో స్ట్రావా అనే యాప్ పెట్టిన మ్యాపులో సైనిక స్థావరాల జాడే బయటపడింది. ఇక ఒంటరిగా నడిచే ఆడవాళ్ళ సంగతి చెప్పాలా? మోకాళ్ళ నొప్పులు, గుండె జబ్బు ఉన్నవాళ్ళూ, గర్భిణులూ డాక్టర్నడిగే మొదలుపెట్టాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది వినండి. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోయినా, దేనిమీదా ఇష్టం లేకపోయినా, బతకాలనిపించకపోయినా అది నడకతో సరిపెట్టుకునేది కాదు. ఆలస్యం చేయకుండా డాక్టర్ని చూడండి. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416. డబ్బులక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్ళు నడుస్తున్నాం కదా అని మానేయకూడదు.

చివరగా, మనకి అన్నిటికన్నా కష్టమైన పని ఒకటుంది. అది నడక కాదు, "ఈ అరగంటా నేను ఇంట్లో ఉండను" అని ఇంట్లోవాళ్ళతో చెప్పడం. మొదటిరోజు "మరి కాఫీ?" అంటారు. డబ్బా ఎక్కడుందో చూపించి చెప్పులేసుకోండి. వారం తిరిగేసరికి వాళ్ళకీ అలవాటవుతుంది. నెల్లాళ్ళు చేసి, మీ క్యాలెండర్ ఏం చెప్పిందో మాకు రాస్తారు కదూ!