మళ్ళీ కట్టేటప్పుడు



మోషే ధర్మశాస్త్రంలో ఇల్లు కట్టుకునేవారికి ఒక చిన్న ఆజ్ఞ ఉంది. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో చూడవచ్చు. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టించాలి. కట్టించకపోతే, పైనుండి ఎవరైనా పడి చనిపోయినప్పుడు ఆ దోషం ఇంటివాడి మీదికి వస్తుంది. పడినవాడు తన అజాగ్రత్త వల్లనే పడ్డాడని చెప్పి తప్పించుకోవడానికి వీలులేదు. కట్టడం ఎవరిదో, దాని మీద నడిచే ప్రాణాల లెక్క కూడా వారిదే.

ఈ మాటను ఒక్క ఇంటికే కాక మన ఊరి రోడ్డుకు, తూముకు, బడికి, బోరింగుకు, మందిరానికి కూడా వర్తింపజేసి చూద్దాం. ఎందుకంటే మనం ఉన్నది తుఫానుల తీరం. 1864 నవంబరులో మచిలీపట్నం మీదికి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. 113 ఏళ్ళ తరువాత, 1977 నవంబరు 19న, శనివారంనాడు, అదే కృష్ణా ముఖద్వారంలోని దివిసీమను 5, 6 మీటర్ల ఎత్తున సముద్రం ముంచెత్తింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది పోయారు. నాగాయలంక దగ్గర సొర్లగొంది వంటి ఊళ్ళ పేర్లు చెబితే పెద్దవారి కళ్ళు ఇప్పటికీ చెమరుస్తాయి. మధ్యలోని 113 ఏళ్ళలో తరాలు మారాయి, మనుషులు మరచిపోయారు. సముద్రం మాత్రం తన దారి మరచిపోలేదు.

ఆ తరువాత ఏం జరిగిందో కూడా గమనించండి. దివిసీమ నష్టం చూశాక ప్రభుత్వమూ, స్వచ్ఛంద సంస్థలూ, సంఘాల సహాయ సంస్థలూ కోస్తా అంతటా తుఫాను షెల్టర్లు కట్టాయి. 1990 మే 9న మళ్ళీ కృష్ణా ముఖద్వారం దగ్గరే ఒక పెను తుఫాను తీరం దాటింది. ఈసారి ముందుగా హెచ్చరిక అందింది, లక్షల మందిని కదిలించారు, వెళ్ళి తలదాచుకోవడానికి గట్టి కట్టడాలు కొన్నయినా ఉన్నాయి. చనిపోయినవారు వెయ్యికి లోపే. అదీ తక్కువ దుఃఖం కాదు. కాని పది వేలకూ వెయ్యికీ మధ్య ఉన్న ఆ తేడా ఎన్ని కుటుంబాలో ఆలోచించండి. పక్క రాష్ట్రం ఒడిశాలోనూ ఇంతే. 1999 అక్టోబరు తుఫానులో సుమారు 10,000 మంది పోయారు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను వచ్చేనాటికి షెల్టర్లు, రోడ్లు, హెచ్చరిక ఏర్పాట్లు బాగా పెరిగాయి. దాదాపు పది లక్షల మందిని తరలించారు. చనిపోయినవారు 50 మందికి లోపే. గాలిని మనం ఆపలేము. గాలి ఎదుట ఏమి నిలబడాలో మాత్రం మన చేతిలో ఉంది.

అయితే చాలా ఊళ్ళలో జరిగేది వేరు. తుఫాను వెళ్ళిపోగానే అందరికీ తొందర. రోడ్డు తెగిపోతే అక్కడే మట్టి పోసి అదే తూము వేస్తారు. కప్పు లేచిపోతే అవే రేకులు, అవే మేకులు. స్తంభం పడిపోతే అదే గుంటలో మరో స్తంభం. దీనినే మనం బాగుచేయడం అంటాం. నిజానికి అది వచ్చే తుఫానుకు మళ్ళీ పడిపోవడానికి సిద్ధం చేయడమే. 2015 మార్చిలో జపాను దేశపు సెండయ్ నగరంలో ప్రపంచ దేశాలు సమావేశమై విపత్తుల గురించి ఒక ఒప్పందానికి వచ్చాయి. అందులోని ముఖ్యమైన మాటల్లో ఒకటి, మళ్ళీ కట్టేటప్పుడు మునుపటికంటే మేలుగా కట్టాలని. మన పల్లెలో దాని అర్థమేమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదట రోడ్డు. వాన నీరు పల్లానికి పోయే దారికి అడ్డంగా రోడ్డు వేస్తే అది ఆనకట్ట వంటిదే. తూము ఇరుకైతే ఎగువన నీరు నిలిచి, రోడ్డు మీదుగా పొర్లి, దిగువ వైపు మట్టిని కోసేస్తుంది. అందుచేత తెగిన రోడ్డును తిరిగి వేసేటప్పుడు పాత తూము సైజు చూసి లాభం లేదు. మొన్నటి నీరు ఎంత ఎత్తున వచ్చిందో గోడల మీది మరక చూసి కొలవాలి. పెద్ద తూము వేయలేని చోట, నీరు పైనుండి పోయినా తెగిపోని రాతి చప్టా వేయడం మేలు. రోడ్డు తెగిన ఊరికి పడవైనా రావాలి, లేదా ప్రసవానికి వచ్చిన స్త్రీ ఇంట్లోనే ఉండిపోవాలి.

రెండవది మురుగు కాలువ. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫాను చేతికొచ్చిన వరిని ముంచింది. చేలోకి వచ్చిన నీరు రెండు రోజుల్లో బయటికి పోతే పంటలో కొంతైనా దక్కుతుంది. వారం నిలిస్తే గింజ వెన్నులోనే మొలకెత్తుతుంది. కాలువలో గుర్రపుడెక్క పేరుకుని, సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేసి ఉంటే నీరు ఎక్కడికి పోతుంది? పూడిక తీయడం తుఫాను తరువాత చేసే పని కాదు, వేసవిలో చేసే పని.

మూడవది ఇల్లు. పెనుగాలి కప్పును కిందికి తొక్కదు, పైకి లాగుతుంది. అందుచేత కప్పు బరువు ఒక్కటే చాలదు, దానిని గోడకూ, గోడను పునాదికీ కట్టి ఉంచాలి. రెండు వైపుల వాలు ఉన్న కప్పుకంటే నాలుగు వైపులా వాలు ఉన్నది గాలికి బాగా ఆగుతుంది. చూరు మరీ పొడవుగా బయటికి వదిలితే గాలికి అదే పిడి అవుతుంది. వరండా కప్పును ఇంటి కప్పుతో కలపకుండా విడిగా వేస్తే, వరండా పోయినా ఇల్లు మిగులుతుంది. రేకుల అంచుల్లో, మూలల్లో హుక్కులు దగ్గర దగ్గరగా వేయాలి. పునాది మట్టానా, ద్వారబంధాల మీదా గోడల చుట్టూ కాంక్రీటు పట్టీ వేయిస్తే నాలుగు గోడలూ ఒక పెట్టెలా కలిసి నిలుస్తాయి. ఉప్పు నీటితో గాని, సముద్రపు ఇసుకతో గాని కాంక్రీటు కలపనివ్వకండి. లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, కొన్నాళ్ళకే కాంక్రీటు పెచ్చులూడిపోతుంది. ఈ పనులకు అయ్యే అదనపు ఖర్చు కొంతే. మేస్త్రీ దగ్గర నిలబడి అడిగి చేయించుకోవడమే అసలు పని.

నాలుగవది మంచినీరు. ఉప్పెన వెళ్ళాక బావులన్నీ ఉప్పవుతాయి. చుట్టూ నీళ్ళు, తాగడానికి గుక్కెడు ఉండవు. బోరింగు దిమ్మెను వరద నీటి మరకకంటే ఎత్తుగా కట్టించుకుంటే నీరు తీసిన రోజే వాడుకోవచ్చు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, ట్యాంకు ఎండుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని కొట్టినప్పుడు వేల స్తంభాలు కూలి, అంత పెద్ద నగరమే రోజుల తరబడి చీకట్లో ఉంది. ఇక పల్లె సంగతి చెప్పాలా? కాబట్టి ఊరికి కుళాయిలు వచ్చాయని చేతి బోరింగును పాడుపెట్టుకోకండి.

అయిదవది, మనం కట్టనక్కరలేనిది. మనం కాపాడితే చాలు. కాకినాడ దగ్గర కోరింగలో ఉన్నటువంటి మడ అడవులు అల ఊపును తగ్గిస్తాయి. తీరం వెంట సరుగుడు తోటలు గాలి ఊపును తగ్గిస్తాయి. రొయ్యల చెరువు కోసం మడను నరికినా, ఉప్పు నీటి కోసం కరకట్టకు గండి పెట్టినా, లాభం ఒకరికి, నష్టం వెనుక ఉన్న ఊరందరికీ.

ఇంత చెప్పి, అసలు మాట చెప్పకపోతే ఈ వ్యాసం వ్యర్థమే. కట్టడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఒక ఎత్తు. 1977 తరువాత కట్టిన షెల్టర్లలో ఎన్నో సంరక్షణ లేక పాడయ్యాయి. ఉప్పుగాలికి ఇనుము తిని, తలుపులు ఊడి, మెట్లు విరిగి, కొన్నిచోట్ల పశువుల పాకలుగా మారాయి. ఏడాదికి ఒక్కరోజు కావలసిన ఇల్లు మిగతా 364 రోజులు ఎవరిదీ కాకపోతే, ఆ ఒక్కరోజున కూడా ఎవరికీ ఉపయోగపడదు. ఆ తరువాత కట్టిన వాటిని బడిగానో, సమావేశ మందిరంగానో కూడా వాడుకునేలా కట్టడానికి కారణం ఇదే. పిల్లలు రోజూ కూర్చునే గదికి వాన కారితే వెంటనే తెలుస్తుంది. స్త్రీల పొదుపు సంఘం వారానికోసారి కూడే చోట తాళం చెవి ఎవరి దగ్గరుందో అందరికీ తెలుస్తుంది.

మరొక మాట కూడా చెప్పక తప్పదు. మన సంఘస్థుల్లో ఎక్కువమంది ఉండే పేటలు చాలా ఊళ్ళలో పల్లపు నేలలోనో, కాలువ గట్టు మీదనో ఉంటాయి. నీరు ముందు అక్కడికి వస్తుంది, సహాయం చివరికి అక్కడికి చేరుతుంది. షెల్టరు ఊరి నడుమ ఉండి, దానికి వెళ్ళే దారి మోకాలి లోతు బురదైతే, ముసలమ్మ రాత్రివేళ అక్కడికి ఎలా చేరుతుంది? కాబట్టి గ్రామసభలో అడగవలసింది షెల్టరు ఒక్కటే కాదు, ప్రతి పేట నుండి దానికి ఎత్తయిన దారి కూడా. అడగడం సిగ్గు కాదు, తగవు కాదు. అడగకపోతే కొలత వేసేవారికి మన ఇల్లు కనిపించదు.

ఇక సంఘాలుగా మనం చేయగలిగింది. మే నెలకు ముందు ఒకసారి, అక్టోబరుకు ముందు ఒకసారి సంఘ పెద్దలు, యౌవనస్థులు కలిసి మందిరం కప్పు ఎక్కి హుక్కులు, పగుళ్ళు చూడండి. ఊరిలో ఇంజనీరింగు తెలిసినవారిని పిలిచి, ఈ కట్టడంలో వందమంది రాత్రంతా ఉండవచ్చునా అని నిర్మొహమాటంగా అడగండి. ఉండకూడదంటే ఆ మాట ఊరందరికీ చెప్పండి. బలహీనమైన కట్టడంలో తలదాచుకోవడం ప్రమాదం. ఉండవచ్చునంటే తాళం చెవులు రెండు చేయించి ఇద్దరి దగ్గర ఉంచండి. ఆ తలుపు ఊరిలోని ఏ మతంవారికైనా, ఏ కులంవారికైనా తెరుచుకుంటుందని ముందే తెలియజేయండి. కొత్త మందిరం కట్టబోయే సంఘాలు గోపురం ఎత్తు గురించి ఆలోచించే ముందు నేలమట్టం ఎత్తు గురించి, మిద్దె మీదికి ఎక్కే మెట్ల గురించి ఆలోచించండి. నడవలేనివారు, బాలింతలు, ఒంటరి వృద్ధులు ఏ ఇంట్లో ఉన్నారో స్త్రీల సమాజంవారు ఒక కాగితం మీద రాసి, వారిని తీసుకువచ్చే బాధ్యత ఎవరిదో పేరు పేరునా పంచుకోండి.

తుఫాను వచ్చిన రాత్రి ప్రార్థన చేయనివారుండరు. తుఫాను లేని ఎండాకాలంలో, పూడిక తీస్తూ, హుక్కు బిగిస్తూ, ఒక్కొక్క ఇటుక సరిచూస్తూ చేసే ప్రార్థన కూడా ఒకటుంది. ఆ పనికి ఈ నెలలోనే ఒక శనివారం కేటాయించుకోండి. మన మిద్దెకు పిట్టగోడ ఉన్నదో లేదో ఒకసారి ఎక్కి చూసుకుందాం.