స్వింగ్ యుగపు వీరవనితలు
మిసిసిపీ రాష్ట్రమందలి పైనీ వుడ్స్ పాఠశాలలో, పేద నల్లజాతి బిడ్డల చదువునకు ధనము గూర్చుటకై 1930ల చివర లారెన్స్ జోన్స్ నెలకొల్పిన బాలికల వాద్యబృందము, 1941లో ఆ పాఠశాలను విడిచి స్వతంత్రించి, 'ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్' అను పేర అమెరికా నలుమూలల జాజ్ సంగీతమును మ్రోగించినను, స్వింగ్ యుగచరిత్రలలో దానికి చిరకాలము తగిన స్థానము లభింపకపోవుట ఘోరమైన అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము. అనా మే విన్‌బర్న్ సారథ్యమున టైనీ డేవిస్ ట్రంపెట్టును, వై బర్న్‌సైడ్ టెనర్ శాక్సఫోనును విన్నవారెవ్వరును, ఇది రెండవ ప్రపంచయుద్ధమునకేగిన పురుషుల లోటు పూడ్చుటకు వచ్చిన తాత్కాలిక మేళమని పలుకజాలరు. అమెరికా యుద్ధమున దిగుటకు మునుపే పుట్టిన బృందమది! దక్షిణ రాష్ట్రములలో నల్లవారును తెల్లవారును కలసి మెలసి యుండుట శాసనవిరుద్ధమగుటచే, ఇరుజాతుల యువతులున్న ఈ బృందమువారు తమ బస్సులోనే భుజించి, బస్సులోనే నిదురించిరి. బృందమందలి శ్వేతజాతి యువతి రోజ్ క్రాన్, పోలీసుల కన్నుగప్పుటకై ముఖమునకు ముదురువన్నె పూసికొనవలసివచ్చెను. ఇట్టి అవమానములను దిగమ్రింగి, 1945లో ఐరోపాకేగి, అచ్చటనున్న అమెరికా నల్లజాతి సైనికులను తమ వాద్యముతో అలరించిరి. 1949 నాటికి బృందము విచ్ఛిన్నమైనది. మిగిలిన రికార్డులు స్వల్పము. ఆ స్వల్పమునే జాజ్ బోధించు ప్రతి విద్యాలయమునందును ప్రఖ్యాత జాజ్ బృందనాయకుడు కౌంట్ బేసీ రికార్డుల సరసన, వాటితో సమానగౌరవముగ, విద్యార్థులకు వినిపింపవలెను.