పేరు రాసుకోనివ్వండి, నంబరు చెరపండి

డిచ్‌పల్లి మీదుగా తిరిగే పల్లెవెలుగు బస్సు ఎక్కి కూర్చుంటే కళ్ల ముందుండేది ముందు సీటు వెనక రేకు. కంపాస్ ముల్లుతో గీకిన పేరు, పక్కన బాణం దిగిన గుండె, కింద బ్యాచ్ సంవత్సరం. ఆ పేరును కొట్టేసి ఇంకొకడి పేరు, దాని మీద మార్కర్‌తో మూడోవాడిది. ఈ పేర్లను చూస్తే మాకు కోపం రాదు. నేనూ ఈ దారిన పోయానని చెప్పుకోవాలన్న తపన ఆ వయసుది. అదే రేకు మీద ఒక అమ్మాయి పేరు, పక్కనే పది అంకెల ఫోన్ నంబరు కనబడితే మాత్రం ఊరుకోలేం. అది భావవ్యక్తీకరణ కాదు, వేధింపు.

బండి మీద రాత ఈ గడ్డకు కొత్తేమీ కాదు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో యువకులు తమ బండ్ల నంబరు ప్లేట్ల మీద ఏపీ చెరిపి టీజీ అని రాసుకున్నారు. అప్పటికది నిబంధనలకు విరుద్ధం. 2014లో రాష్ట్రం వచ్చాక టీఎస్ వచ్చింది. 2024 మార్చిలో ఆ కుర్రాళ్లు రాసుకున్న టీజీయే అధికారికమైంది. వాళ్లు సొంత బండి మీద, నలుగురికీ కనబడేలా, జరిమానాకు సిద్ధపడి రాశారు. సీటు చాటున ఆడపిల్ల నంబరు గీకేవాడికి ఆ తెగువ ఎక్కడిది?

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయానికి చదువుకోవడానికి వచ్చే అమ్మాయిలకు అది పెద్ద ఆసరా. కానీ బిడ్డ నంబరు బస్సులో ఉందని తెలిస్తే మర్నాటి నుంచి చదువు మాన్పించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గీకినవాడు మరచిపోతాడు, ఆమె డిగ్రీ ఆగిపోతుంది.

బండ్ల మీద రాతల బాధ న్యూయార్క్ సబ్‌వే కూడా పడింది. 1970లలో అక్కడ రైలు పెట్టెలన్నీ కుర్రాళ్ల పేర్లతో నిండిపోయాయి. అరెస్టులతో ఆగలేదు. 1984 నుంచి ఒక నియమం పెట్టుకున్నారు: శుభ్రం చేసిన పెట్టె మీద మళ్లీ రాత పడితే, చెరిపేదాకా దాన్ని నడపరు. 1989 మే 12న చివరి రాతల పెట్టెను సర్వీసు నుంచి తప్పించారు. ఎవరూ చూడని రాత రాయబుద్ధి కాదు. మన డిపోలకూ ఇదే దారి. ఫోన్ నంబరు కనబడిందని కండక్టర్ చెప్పిన రాత్రే దాన్ని చెరిపేయాలి, తెల్లారి ఆ బస్సు రోడ్డెక్కే లోపే.

ఇక పేర్ల సంగతి. డబ్బు కడితే బస్సును నిలువెల్లా ప్రకటనలతో చుట్టేయనిస్తోంది ఆర్టీసీ. సిమెంటు కంపెనీకి, చీరల దుకాణానికి దొరికే చోటు ఆ బస్సులోనే రోజూ వేలాడుతూ వెళ్లే విద్యార్థికి ఎందుకు దొరకదు? అందుకే మా డిమాండ్ సూటిగా చెబుతున్నాం. డిచ్‌పల్లి మీదుగా తిరిగే ఒక్క బస్సునైనా ఏటా విశ్వవిద్యాలయం, జూనియర్ కాలేజీల పిల్లలకు అప్పగించాలి. రంగులు ఆర్టీసీ ఇవ్వాలి. డిచ్‌పల్లి గుట్ట మీది రామాలయం శిల్పాలే వేస్తారో, కళ్లంలో ఆరబోసిన పసుపే వేస్తారో, ఉద్యోగ నోటిఫికేషన్ కోసం ఎదురుచూపే వేస్తారో వాళ్ల ఇష్టం. అధికారులకు నచ్చని బొమ్మ వచ్చినా చెరపకూడదు. కింద మాత్రం వేసినవాళ్ల పేర్లు పెద్ద అక్షరాల్లో, ఊరితో సహా ఉండాలి.