ఆవర్జాల నుండి కంప్యూటరునకు

ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను చేతివ్రాత పుస్తకముల నుండి కంప్యూటరులోనికి మార్చు పథకమును కేంద్ర ప్రభుత్వమువారు 2022వ సంవత్సరము జూన్ నెలలో అంగీకరించిరి. 63,000 సంఘములకు 2,516 కోట్ల రూపాయలు వ్యయమగునని అప్పుడు నిర్ణయించిరి. ఈ మార్పు మంచిదే. చిట్టాకును ఆవర్జాకును పొంతన లేక, గుమాస్తా చేతివ్రాత తప్ప వేరాధారము లేక చిక్కుపడిన సంఘముల నెరిగినవారెవ్వరును పాత పద్ధతియే కావలెనని కోరజాలరు. మేము చెప్పదలచినది వేరు. పాత పుస్తకము మూయుదినమున తన పేర నిలువ యెంతయో ప్రతి సభ్యుడును చూచి యొప్పుకొనవలెను. అంతవరకు ఆ పుస్తకమును మూయరాదు.

యంత్రము కూడికలో తప్పదు. కాని తనకిచ్చిన మొదటి యంకె సరియైనదా యని అడుగదు. వడ్డీని అసలులో కలిపి యెక్కించినచో దానినే అసలుగా నెంచి మరల వడ్డీ కట్టును. రైతు చేత రసీదుండియు ఖాతాలో జమకాని కిస్తు, క్రొత్త లెక్కలో నిక్కమైన బాకీ యగును. గడువు తేదీ తప్పినను నష్టమే. 3 లక్షల వరకు గల పంట ఋణములపై, గడువులో చెల్లించినవారికి కేంద్రమువారి పథకమున దొరకు నూటికి 3 వడ్డీ రాయితీ ఆ తేదీని బట్టియే గదా!

ఇంతకంటె పెద్ద చిక్కు పేర్లతో వచ్చును. ఆవర్జాలో వెంకయ్య, ఆధారులో వెంకటేశ్వర్లు; ఒకచోట ఇంటిపేరు ముందు, వేరొకచోట వెనుక. తాత పేరు మనుమనికి పెట్టుట మన యాచారము. గతించిన తాతగారి వాటాధనము మనుమని ఖాతాలో చేరినచో తక్కిన వారసు లూరకుందురా? ఊరిలో నలుగురు పెద్దలకు తెలిసిన యీ భేదము పట్టణమున కూర్చుండి అంకె లెక్కించువానికి తెలియదు.

1957 ఏప్రిల్ 1వ తేదీన అణాలు పోయి నయాపైసలు వచ్చినప్పుడు అణాకు ఆరుంబావు పైసలు రావలసియుండగా 6 పైసలే లెక్కించిరి. 3 అణాలకు 19. హెచ్చుతగ్గులున్నను, పట్టిక లచ్చువేసి పంచిరి గనుక జనులు సరిచూచుకొనగలిగిరి. నేటి మార్పునకును అట్టి పట్టిక యుండవలెను. ప్రతి సంఘమును సభ్యుల వాటాధనము, అసలు, వడ్డీ, గడువు తేదీ గల జాబితాను సభ్యులకు చూపి, నెల గడువిచ్చి, ఆక్షేపణలను వ్రాసికొని, సంతకము గైకొనవలెను. పని యాలస్యమగునని కార్యదర్శు లందురు. కానిండు! ఒక్క నెల యాలస్యమునకు పదియేండ్ల వ్యాజ్యము సరిగాదు.

ఇప్పటికే మారిన సంఘములలో పాత ఆవర్జాలను చిత్తుకాగితముల బేరగానికి తూచి యమ్మకుండ పంచాయతుదారులు బీరువాలో భద్రపరుపవలెను. సభ్యులు తమ రసీదులను, పాసుపుస్తకమును చేతబట్టుకొని పోయి, క్రొత్త ఋణపత్రముపై వ్రాలు చేయకమునుపే కంప్యూటరు నిలువ కాగితము నడిగి తీసికొనవలెను.