బందరులో మనం చూడక తిరిగివచ్చే చోట్లు

సెలవులు రాగానే పిల్లలతో కలిసి సముద్రతీరానికి ప్రయాణమయ్యే కుటుంబాలు మన ప్రాంతంలో చాలా ఉన్నాయి. మచిలీపట్నం వెళ్ళివచ్చినవారిని ఏమి చూశారని అడిగితే, మంగినపూడి తీరంలో కెరటాలు చూశామని, వస్తూ దారిలో బందరు లడ్డూ కొన్నామని చెబుతారు. కెరటాలూ, లడ్డూ రెండూ మంచివే. కాని నాలుగు వందల ఏళ్ళ క్రితం ఈ పట్టణం గోల్కొండ రాజ్యానికి సముద్రద్వారం. ఆ పట్టణాన్ని చూడకుండానే మనం తిరిగివస్తున్నాము. ఈ నెల ఈ శీర్షికలో పాఠకులను అక్కడికే తీసుకువెళ్ళదలచాము.

ముందుగా పేరును గమనించండి. ‘బందరు’ అనేది పారశీక పదం. దానికి ఓడరేవు అని అర్థం. కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడి వర్తకానికి పారశీకమే ముఖ్యభాషగా ఉండేది. ఇరాన్ నుండి వచ్చిన వర్తకులు ఇక్కడ స్థిరపడ్డారు. ఓడరేవు కళ తప్పినా, పారశీకం మాట్లాడేవారు కరువైనా, ఆ మాట మాత్రం తెలుగువారి నోట నిలిచిపోయింది. మచిలీపట్నమని పత్రాలలో రాసేవారు కూడా ఇంటిదగ్గర బందరనే అంటారు.

ఇంత గొప్ప రేవు అయితే దాని ఆనవాళ్ళు కంటికి ఎందుకు కనిపించవు? హైదరాబాదులో చార్మినార్ ఉంది, గోల్కొండలో కోట ఉంది. బందరులో అలాంటిదేదీ లేదేమని పిల్లలు అడుగుతారు. దీనికి మూడు కారణాలు చెప్పవచ్చు. 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే ఈ ఊరి ఇళ్ళు కొయ్యతో కట్టినవని రాశాడు. కొయ్య ఇల్లు శతాబ్దాలు నిలవదు. రెండవది, ఇక్కడి సముద్రం తీరానికి దగ్గరలో లోతు తక్కువ. ఓడలు దూరాన లంగరు వేసుకొని నిలిచేవి. చిన్న పడవలు సరుకును ఒడ్డుకు చేర్చేవి. అందువల్ల పెద్ద రాతి రేవుల అవసరం కలగలేదు. మూడవది ఘోరమైనది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపాను ఉప్పెన పట్టణం మీదికి వచ్చిపడింది. దాదాపు 30,000 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ దెబ్బ నుండి ఓడరేవు మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు.

కనుక బందరును చూడవలసిన తీరు వేరు. ఇక్కడ ఎత్తయిన గోపురాలు, మినార్ల కోసం వెదకరాదు. పేటల పేర్లను, సమాధి రాళ్ళను, అద్దకపు గుడ్డలను చూడాలి. గతించిన నగరం ఆ మూడింటిలో మిగిలి ఉంది.

పేటల పేర్లతో మొదలుపెడదాము. పట్టణంలో ‘వలందపాలెం’ అనే చోటు ఉంది. డచ్చివారిని మన పెద్దలు వలందులు అనేవారు. ‘పరాసుపేట’ ఉంది, పరాసులంటే ఫ్రెంచివారు. ‘ఇంగ్లీషుపాలెం’ సంగతి చెప్పనక్కరలేదు. 17వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తకశాలలు తెరిచారు. 1750లో పట్టణం ఫ్రెంచివారి చేతికి వెళ్ళింది. 1759లో కర్నల్ ఫోర్డ్ నాయకత్వంలో ఆంగ్లేయులు దానిని గెలుచుకున్నారు. పాఠ్యపుస్తకంలో నాలుగు పుటలుగా ఉండే ఈ చరిత్రను ఆటోలో కూర్చొని దుకాణాల బోర్డులు చదువుతూ పిల్లలకు చెప్పవచ్చు.

ఇక రాళ్ళు. పట్టణంలోని డచ్చి శ్మశానవాటిక కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. పెద్ద పెద్ద రాతి పలకల మీద ఉబ్బెత్తు అక్షరాలు, వంశచిహ్నాలు ఎంతో శ్రద్ధతో చెక్కి ఉన్నాయి. వేల మైళ్ళ దూరం నుండి మిరియాలు, గుడ్డల వ్యాపారానికి వచ్చి, ఇల్లు చేరకుండానే ఈ నేలలో కలిసినవారి పేర్లవి. సంపదకు, మనిషి ఆయుష్షుకు ఉన్న సంబంధం ఎంతటిదో చెప్పడానికి ఉపన్యాసం అవసరం లేని చోటు ఇది. రేవు వైపు వెళితే బందరు కోట ఉంది. పాత ఆయుధాగారంతో సహా కొన్ని కట్టడాల శిథిలాలే నేడు మిగిలాయి. ఆ దారిలోనే గిలకలదిండి చేపల రేవు. ఓడలు పోయినా పడవలు మిగిలాయి.

ఈ తీరం నుండి ఓడలు ఎక్కడెక్కడికి వెళ్ళేవో తెలిస్తే ఆ శిథిలాల ముందు మరికొంతసేపు నిలబడతాము. పెగు, సయాం, బెంగాలు, హోర్ముజ్‌లకే కాక మక్కా యాత్రికుల కోసం ఎర్రసముద్రపు రేవులకు కూడా ఇక్కడి నుండి ఓడలు సాగేవి. 16వ శతాబ్దం చివరినాటికే ఆ దారి తెరుచుకుంది. నేడు మన హాజీలు కొన్ని గంటలలో జిద్దాలో దిగుతున్నారు. ఆనాటివారు ఋతుపవనాల గాలివాలు కోసం వేచి, చిన్న పడవలో కెరటాలు దాటి, దూరాన నిలిచిన ఓడ ఎక్కి, తిరిగి వస్తామో రామో తెలియక ఇంటివారి వద్ద సెలవు తీసుకునేవారు. ఆ వీడ్కోళ్ళు జరిగిన తీరం ఇదేనని మన ఇళ్ళలో ఎందరికి తెలుసు?

మూడవది గుడ్డ. మచిలీపట్నానికి పది కిలోమీటర్ల దూరంలోని పెడన కలంకారీ అద్దకానికి పేరుపొందింది. కలం, కారీ రెండూ పారశీక పదాలే. శ్రీకాళహస్తిలో నేటికీ కలంతోనే బొమ్మలు గీస్తారు. ఇక్కడ చెక్క అచ్చులతో అద్దుతారు. ఇరాన్ కొనుగోలుదారుల అభిరుచిని బట్టి ఇక్కడి అద్దకంలో దేవతామూర్తులకు బదులు తీగలు, పువ్వులు, మిహ్రాబ్ ఆకారపు తోరణాలు ప్రధానమయ్యాయి. నమాజుకు పరచుకునే వస్త్రాలు కూడా ఇక్కడ తయారై సముద్రం దాటాయి. మన దేశపు అద్దకపు వస్త్రాల మోజు ఐరోపాలో ఎంతగా పెరిగిందంటే, అక్కడి నేతగాళ్ళను కాపాడుకోవడానికి 1686లో ఫ్రాన్సు, 1721లో ఇంగ్లండు వాటిని నిషేధించాయి.

పెడనలో అద్దకశాలకు వెళ్ళి, యజమాని అనుమతి తీసుకొని పని చూడండి. గుడ్డను కరక్కాయ, గేదె పాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో ఊరబెట్టి నలుపు చేస్తారు. పటిక అద్దిన చోటనే ఎరుపు పట్టుకుంటుంది. ఆ ఎరుపు కోసం పూర్వం చిరివేరు వాడేవారు. దానిమ్మ తొక్క పసుపునిస్తుంది, నీలిమందు నీలాన్నిస్తుంది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు, మధ్యమధ్య నీటిలో జాడించడం, ఎండబెట్టడం. పిల్లలకు ఇంతకన్నా మంచి రసాయనశాస్త్ర పాఠం దొరకదు.

అయితే ఈ పనికి గడ్డుకాలం నడుస్తోంది. యంత్రాలపై, తెరలపై ముద్రించిన చవక గుడ్డ కలంకారీ పేరుతోనే అంగళ్ళలో అమ్ముడవుతోంది. భౌగోళిక గుర్తింపు ఉన్నా, కొనేవారికి తేడా తెలియకపోతే అది చేతివృత్తివారి కడుపు నింపదు. అచ్చుకు అచ్చు కలిసే చోట స్వల్పమైన ఎడం, రంగులో కొద్దిపాటి హెచ్చుతగ్గులు ఉన్నాయేమో చూడండి. అవి లోపాలు కావు, చేతిపని గుర్తులు. ధర కొంత ఎక్కువైనా పనిచేసినవారి వద్దనే ఒక్క దుప్పటి కొంటే, ఆ అచ్చు మరికొంతకాలం బ్రతుకుతుంది.

ఇప్పుడు బందరు తీరంలో కొత్త ఓడరేవు నిర్మాణం సాగుతోంది. ఉపాధి కోరే యువతకు అది శుభవార్త. లారీలు, గిడ్డంగులు, కొత్త రోడ్లు వస్తాయి. అయితే మొదటి ఓడరేవును సముద్రం తుడిచివేసింది. దాని జ్ఞాపకాలను తుడిచివేసే పని మనమే చేయరాదు. చూడటానికి ఎవరూ రాని శిథిలం త్వరగా మాయమవుతుంది. ఎవరో ఒకరు వచ్చి అడిగే చోటును ఊరివారు కూడా కాపాడుకుంటారు.

విజయవాడ నుండి మచిలీపట్నం దాదాపు 70 కిలోమీటర్లు. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు వాతావరణం అనుకూలం. ఉదయం ఎండ ముదరకముందే శ్మశానవాటిక, కోట చూసుకొని, మధ్యాహ్నానికి పెడన చేరి, సాయంత్రం మంగినపూడి వెళ్ళవచ్చు. సమాధుల మధ్య పిల్లలను పరుగెత్తనివ్వకండి. రాళ్ళపై పేర్లు గీయనివ్వకండి. తిరుగు ప్రయాణంలో లడ్డూ మరచిపోనక్కరలేదు. శనగపిండితో చేసినదాన్ని రోకలితో దంచి, బెల్లం, నెయ్యి కలిపి చుట్టే ఆ తొక్కుడు లడ్డూ కూడా బందరు చేతిపనిలో భాగమే.